మూలంలో ఈ పేజీ లేదు

దయ్యాలున్నాయంటే నేను నవ్వేదాన్ని. సైదాబాద్‌లో మేం అద్దెకు దిగిన వాటాలో, వెనక గదిలో ఎవరో ఉరేసుకున్నారని వీధంతా చెప్పుకునేవాళ్లు. నేను ఆ గదిలోనే ఇస్త్రీ బల్ల వేసుకున్నాను. పన్నెండేళ్లున్నాం. దోమలు తప్ప ఇంకెవరూ పీడించలేదు. ఈ మాట ముందే ఎందుకంటే, ఇది చదివి నన్ను పిరికిదాన్ని అనుకోవద్దు. ఇంకేమైనా అనుకోండి, నాకు అభ్యంతరం లేదు.

ఇది 2000 దాటిన మొదటి అయిదారేళ్ల సంగతి. నేను ఒక యూనివర్సిటీ లైబ్రరీలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని. పాతబస్తీలో మా లైబ్రరీకి ఒక పాత భవనం ఉండేది. అక్కడి పుస్తకాలనీ రికార్డులనీ స్కాన్ చేసి కంప్యూటర్లో ఎక్కించే ప్రాజెక్టుకు నన్ను ఇన్‌చార్జిగా వేశారు. రోజుకు ఇన్ని పేజీలని పైనుంచి లెక్క ఉండేది. ఆ లెక్క తప్పడం నాకు చచ్చినా ఇష్టం లేదు.

మా పనిలో ఒక చిన్న అట్టముక్క ఉంటుంది. పుస్తకంలో నిజంగానే ఒక పేజీ చిరిగి పోయి ఉంటే, దాని స్థానంలో ఆ అట్ట పెట్టి స్కాన్ చేస్తాం. దాని మీద "మూలంలో ఈ పేజీ లేదు" అని రాసి ఉంటుంది. చదివేవాడికి పోయింది మా దగ్గర కాదని తెలియడానికి అది. మా అట్ట నేనే పెద్దక్షరాలతో రాసి, ప్లాస్టిక్ తొడుగు వేయించాను.

మూతపడిన బడుల అడ్మిషన్ రిజిస్టర్లను చరిత్ర డిపార్టుమెంటు వాళ్లు ఎప్పుడో పోగేసి మా నెత్తిన పెట్టారు. కప్పు కారి అవి తడిశాయి. పేజీలు అతుక్కుపోయాయి. విడదీయడానికి పద్ధతి ఉంది. అద్దుడు కాగితం పెట్టి, కొంచెం తేమ పట్టించి, పల్చటి బద్దతో మెల్లగా తీయాలి. ఒక్కోదానికి గంట పట్టేది. నాకు అంత తీరిక లేదు. "అతుక్కున్న చోటల్లా అట్ట పెట్టేసి ముందుకు పోండి," అని ఆపరేటర్లకు చెప్పాను. మూతపడ్డ బడి రిజిస్టరు ఎవడు చూస్తాడనుకున్నాను.

స్కానింగ్ అయ్యాక, కాపీ ఉంది కాబట్టి అసలువి అక్కర్లేదని నోటు పెట్టాను. కాగితాల మిల్లు లారీకి దగ్గరుండి ఎక్కించి చేతులు దులుపుకున్నాను.

ఏడాది తర్వాత మా అటెండరు యాదగిరి ఒకావిణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆయనది మొఘల్‌పురా. ఆమెదీ అదే గల్లీ. పేరు బాలమణి, అక్కడే లక్క గాజుల కార్ఖానాలో పని. వేడి లక్కను ఏళ్ల తరబడి ఒత్తి ఒత్తి ఆమె వేళ్ల చివర్లు నున్నగా మెరుస్తుండేవి. భర్త లేడు. ఒక్కడే కొడుకు, శీను. వాణ్ణి ఏదో కొట్లాట కేసులో పట్టుకుపోయారు. పద్దెనిమిది నిండలేదని రుజువైతే పిల్లల హోముకు పంపుతారు, లేదంటే పెద్దవాళ్లతో పాటు జైలుకి. పుట్టిన సర్టిఫికెట్ లేదు. ఉన్న ఆధారమల్లా వాడు చదివిన బడి రిజిస్టరు. ఆ బడి మూతపడింది, దాని రిజిస్టరు మాకు వచ్చినవాటిలోనే ఉంది.

కంప్యూటర్లో తీసి చూపించాను. అట్ట కనిపించింది. లేదమ్మా అన్నాను.

"గట్లెట్ల లేదు మేడం? సారు నా ముందటనే రాసిండు. నేను ఏలిముద్ర పెట్టిన. గీతలు పడ్తలేవని మూడుసార్లు పెట్టిచ్చిండు. మూడు మచ్చలుంటయి, మంచిగ చూడుండ్రి."

అర్జీ పెట్టుకోమన్నాను. మా లైబ్రరీ ఊదారంగు ప్యాడ్ మీద వేలు అద్దించి, అర్జీ కింద ముద్ర వేయించాను. గీతలు లేని మచ్చ పడింది. ఆ అర్జీ మీదే "మూలంలో లేదు" అని రాసి సంతకం పెట్టాను.

వాళ్ల వకీలు ఒకే ఒక ఉత్తరం అడిగాడు. ఎవరు చెప్పారో గానీ, పేజీ ఉండేదని, అది అతుక్కుపోతే మేం తెరవలేదని రాసిమ్మన్నాడు. అది రాస్తే నేను పెట్టించిన అట్టలన్నీ బయటికొస్తాయి. రాయలేదు. యాదగిరి ఒకసారి గొంతు తగ్గించి అన్నాడు, "మేడం, అవి అతుక్కున్నయి గద, చినిగిపోలే గద?" నేను తలెత్తకుండా, "మీకు రిటైర్మెంటు ఇంకా ఎన్నాళ్లుంది యాదగిరి గారూ?" అన్నాను. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

బాలమణి ఇంకో మూడుసార్లు వచ్చింది. ఆఖరిసారి నాకు విసుగొచ్చి, అందరూ వింటుండగా, "ఏమ్మా, రోజూ వచ్చి కూర్చుంటే పేజీ పుట్టుకొస్తుందా?" అన్నాను. ఆపరేటర్లు నవ్వారు. ఆమె తను కూర్చున్న కుర్చీని కొంగుతో తుడిచి వెళ్లిపోయింది.

డాక్టర్లు ఎముకల పరీక్ష చేసి పద్దెనిమిది దాటిందన్నారు. శీనును జైలుకి పంపారు.

కొన్ని నెలల తర్వాత, మధ్యాహ్నం టీ తెచ్చి నా బల్ల మీద పెడుతూ యాదగిరి చెప్పాడు. "శీనుగాడు పోయిండు మేడం. లోపట కొట్టుకున్నరంట. నిన్ననే పీనుగును తెచ్చిండ్రు." చెప్పి, గ్లాసు కోసం ఆగకుండా బయటికెళ్లిపోయాడు.

అప్పుడు మూడు గంటలై ఉంటుంది. హాలు నిండా మనుషులున్నారు, స్కానర్లు తిరుగుతున్నాయి. ఏ ఉద్దేశంతో తెరిచానో తెలియదు కానీ, ఆ రిజిస్టరు ఫైలు తెరిచాను. బహుశా అట్ట అక్కడే ఉందని చూసుకుని ధైర్యం తెచ్చుకుందామనుకున్నానేమో.

అట్ట లేదు. పేజీ ఉంది.

నీటి మరక అంచు దాకా పాకిన పేజీ, ఎక్కడా చిరుగు లేదు. పైనుంచి అయిదో వరసలో శీను పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. లెక్క వేశాను. పట్టుకుపోయిన రోజుకి వాడికి పదిహేడు నిండి నాలుగు నెలలు. పక్కన నల్లసిరాతో మూడు మచ్చలు, ఒక్కదాంట్లోనూ గీతల్లేవు. అదే వరసలో, కుడివైపు చివర "రిమార్కులు" అన్న గడిలో నాలుగోది. అది ఊదారంగు.

నేను చేసినవి ఒక్కొక్కటీ చెబుతాను. ఫైలు తేదీ చూశాను. అప్పటి స్కానింగ్ రోజే ఉంది. ఆపరేటర్లను అడిగాను. అక్కడ అట్టనే పెట్టామని ఒట్టేశారు. ఒకసారి రాస్తే ఇక మార్చడానికి వీల్లేని సీడీ ఒకటి నా బీరువాలో ఉంది, తాళం నా దగ్గరే. అది పెట్టి చూశాను. అందులోనూ అదే పేజీ, అవే నాలుగు మచ్చలు. చివరికి బాలమణి అర్జీ తీశాను. నేను రాసిన "మూలంలో లేదు", నా సంతకం అలాగే ఉన్నాయి. ఆమె ముద్ర వేసిన చోట ఉత్త కాగితం ఉంది.

అప్పుడు భయమేసింది. దయ్యమని కాదు. ఆ పేజీ ఇంకెవరి కంటైనా పడితే నా ఉద్యోగం ఏమవుతుందని. కంప్యూటర్లోది చెరిపేశాను. సీడీని కాళ్ల కింద పెట్టి విరిచాను. అట్టను మళ్లీ నా చేత్తోనే స్కాన్ చేసి ఆ నంబరులో పెట్టాను. ఇంటికెళ్లి దొండకాయ వేపుడు చేసుకుని తిన్నాను. నిద్ర కూడా పట్టింది.

పది రోజులకి బాలమణి ఒక్కతే వచ్చింది. బాగా చిక్కిపోయింది. నేను మాట్లాడేలోపే, "కేసు కోసం కాదు మేడం," అంది. "వాని పేరు ఒక్కపారి చూస్త. ఇంట్ల ఫోటో గిట్ల ఏం లేదు."

ఆమెకు చదువు రాదు. ఇంకోసారి లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఉందని చెప్పి చూపించడానికి నేనేమీ మిగల్చలేదు. మానిటరు ఆమె వైపు తిప్పాను. తెర మీద నా అట్ట.

"ఇందుల వాని పేరు యాడున్నది?"

"లేదు" అన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించాను. "ఇదేనమ్మా," అన్నాను.

ఆమె చాలాసేపు చూసింది. ఆ అక్షరాలను ముట్టుకుని వేళ్లు కళ్లకద్దుకుంది. తర్వాత బొటనవేలు కుడివైపుకి జరిపి, ఖాళీ తెల్లటి చోట ఆనించింది. రిమార్కుల గడి ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడ. ఊదా మచ్చ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

"నేను పెట్టింది గీడ," అంది. వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి, "సల్లగుండు బిడ్డా," అంది.

అద్దం మీద మచ్చ మిగిలింది. గీతల్లేవు. పైటకొంగుతో తుడిచేశాను.

నేను రిటైరయి కూడా ఏళ్లయింది. ఎవరూ తెరవని పేజీ స్కాన్‌లోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆమె వేలు అక్కడికే ఎలా వెళ్లిందో తెలియదు. ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఆ పేజీ ఎలా పోయిందో మాత్రం తెలుసు. ఆ ముక్క ఆమెకు చెప్పడానికి మొఘల్‌పురా గల్లీ దాకా రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ కార్ఖానా బయట నిలబడి, లోపల ఆమె వంగి గాజులు ఒత్తుతుంటే చూసి, ఆటో ఎక్కి వచ్చేశాను.