జత విడదీసిన చెప్పులు

నిన్న సాయంత్రం నేను మగవాళ్ళ పదకొండో నంబరు రబ్బరు బూట్లు వేసుకుని, చేతిలో ఒకే ఒక్క చెప్పు పట్టుకుని మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కాను. నవ్వండి, ఫరవాలేదు. కానీ మొదట్నుంచీ వినండి. ఎందుకంటే ఇందులో సగం తప్పు మీ ముగ్గురిదీ!

ఆదివారం డ్రైవ్ ప్లాన్ ఎవరిది? మన నలుగురిదీ. పిస్కాటవేలో బయల్దేరి, కాలవ పక్క రోడ్డు పట్టుకుని, డెలావేర్ నది దాకా వెళ్ళి, మత స్వేచ్ఛ కోసం సముద్రం దాటొచ్చినవాళ్ళు కట్టుకున్న పాత ప్రార్థనా మందిరాలు చూసి రావాలని. మా పత్రిక ఎడిటర్ వసంతక్క దాని మీద వ్యాసం అడిగింది కూడా. తీరా శనివారం మధ్యాహ్నం సుజాత మెసేజ్: "సారీనే, మా ఆయనకి క్రికెట్ మ్యాచ్, పిల్లల్ని చూసేవాళ్ళు లేరు." లత: "మా అత్తగారు ఒక్కరే ఉండలేరు కదా." మాధవి కారణం కూడా చెప్పలేదు. చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంది. అప్పటికే నేను నలుగురికి సరిపడా పులిహోర కలిపేశాను.

నేను గ్రూపులో ఏం రాశానో గుర్తుందా? "నో ప్రాబ్లమ్! ఒంటరిగా తిరగడంలో ఉన్న హాయి మీ సంసారులకేం తెలుసు!" పక్కన నాలుగు నవ్వు బొమ్మలు. అనేశాక ఇంక తగ్గడం ఎలా? ఆదివారమంతా నేను హాయిగా ఉండి తీరాలి. ఒక్క క్షణం కూడా ఎవరూ గుర్తుకు రాకూడదు. నాతో నేనే వేసుకున్న పందెం అది.

పొద్దున్నే పులిహోర డబ్బా పక్క సీట్లో పెట్టి కారు తీశాను. బీప్, బీప్! అక్కడెవరో మనిషి కూర్చున్నారని కారు అనుకుంది. ఎంత పులిహోర చేశానో ఊహించుకోండి. పక్కకి ఆపి డబ్బాకి సీట్‌బెల్ట్ పెట్టాను. విడాకులైన నాలుగేళ్ళకి నా పక్కన బెల్ట్ పెట్టుకుని కూర్చున్న మొదటి శాల్తీ అదే. స్పీడ్ తగ్గించమనలేదు, ఎగ్జిట్ మిస్సయ్యావని విసుక్కోలేదు. నిజంగా మంచి డబ్బా.

ముందు మా ఊళ్ళోనే పాత బాప్టిస్టుల సమాధులు చూశాను. అరిగిపోయిన రాళ్ళు. వాటి మీద ఆడవాళ్ళ పేర్ల కింద ఫలానా వాడి భార్య, ఫలానా వాడి భార్య. "మత స్వేచ్ఛ ఈ ఓడలో వచ్చింది, భార్యల స్వేచ్ఛ తర్వాతి ఓడ ఎక్కినట్టుంది!" అని జోకేశాను. పైకే అన్నాను. చుట్టూ చూస్తే ఎవరూ లేరు. మీరుంటే సుజాత పగలబడి నవ్వేది, లత "అబ్బ, మొదలెట్టావా" అనేది... చూశారా, బయల్దేరి గంట కాకముందే మీరు గుర్తొచ్చారు. అది లెక్కలోకి రాదనుకుని కారెక్కాను.

దారంతా మేపుల్ చెట్లు ఎర్రగా మండిపోతున్నాయి. ఫోటో తీసి గ్రూపులో పెడదామనుకుని మానేశాను. పెడితే మిమ్మల్ని తల్చుకున్నట్టే కదా! జీపీఎస్ ఆవిడ "యూ హావ్ అరైవ్డ్" అంది. పొద్దున్నుంచీ నాతో మాట్లాడింది ఆవిడ ఒక్కతే.

వచ్చింది క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ ప్రార్థనా మందిరానికి, వాళ్ళ మాటలో మీటింగ్ హౌస్‌కి. ఇంగ్లండులో వీళ్ళని జైళ్ళలో పెట్టారు. బోస్టన్‌లో అయితే వీళ్ళలో ఒకావిడని ఉరే తీశారు. తీసింది ఎవరనుకున్నారు? అంతకుముందు తమ మత స్వేచ్ఛ కోసం ఓడెక్కి వచ్చినవాళ్ళే! ఈ నది పక్కన మాత్రం వీళ్ళకి ఊపిరాడింది. నన్ను లాక్కొచ్చిన సంగతి ఇంకోటి. వీళ్ళ ప్రార్థనలో పాస్టరంటూ ఎవరూ ఉండరు. ఆడవాళ్ళయినా, మగవాళ్ళయినా లేచి మాట్లాడొచ్చు, మొదట్నుంచీ. మూడొందల ఏళ్ళ కిందటే ఆడవాళ్ళు లేచి మాట్లాడిన గది! వ్యాసం మొదటి పేరా కార్లోనే తయారైపోయింది.

ఇప్పుడది మ్యూజియం అనుకున్నాను. తలుపు తీసి ఉంది. వరండాలో ఒక అట్టపెట్టె, పక్కన వరసగా బూట్లు, చెప్పులు. గోడకి ఏదో కాగితం అంటించి ఉంది. చదవలేదు. చెప్పులు కనబడితే మనకింక చదవడానికేముంది? నేను గుడి మెట్లెక్కి ఇరవై ఏళ్ళయింది. దేవుడి మీద నేను రాసిన వ్యాసాలకి వచ్చిన తిట్లు రెండు పుస్తకాలవుతాయి. బుర్ర నాస్తికురాలే గానీ కాళ్ళు మాత్రం ఇంకా భక్తురాళ్ళే, వాటంతటవే చెప్పులు విడిచేశాయి. మొన్న హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న కొత్త మెరూన్ తోలు చెప్పులు. పోతాయేమోనని భయం. అందుకని మనం గుడి దగ్గర ఏం చేస్తాం? జత విడదీస్తాం! ఒకటి వరసలో పెట్టాను, రెండోది వరండా అవతలి చివర బెంచీ కింద తోశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

లోపల ఇరవైమంది, అందరూ డెబ్భై దాటినవాళ్ళే, చెక్క బెంచీల మీద కూర్చుని ఉన్నారు. గైడ్ కోసం చూస్తున్నారు కాబోలని మధ్యలో ఖాళీ చూసుకుని కూర్చున్నాను. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. గైడ్ రాడు, ఎవరూ దగ్గరు, ఎవరూ ఫోన్ చూడరు. అప్పుడు వెలిగింది. ఇది టూర్ కాదు, ప్రార్థనే! ఇంకోటి కూడా గమనించాను. అందరి కాళ్ళకీ బూట్లున్నాయి.

మరి బయటున్నవి ఎవరివి?

అంతలో ఒక పెద్దాయన లేచాడు. "గురువారం మా కుక్క పోయింది. ఇల్లు చాలా పెద్దదైపోయింది" అని కూర్చున్నాడు. నాకు "అయ్యో" అని నోటి దాకా వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, తల కూడా తిప్పలేదు. ఒకరు మాట్లాడితే రెండోవాళ్ళు జవాబు చెప్పకూడదు, ఆ మాటని అలా ఉండనివ్వాలి. అదీ పద్ధతని అర్థమైంది.

అప్పుడే కిటికీలోంచి చూశాను. వరండా ముందు వ్యాన్ ఆగి ఉంది. ఒకతను బూట్లన్నీ చేటతో ఎత్తినట్టు ఎత్తి సంచిలో పోస్తున్నాడు. విరాళాలు! లేనివాళ్ళకి పంచడానికి ఊరంతా తెచ్చిపెట్టిన బూట్లు! అదిగో, నా మెరూన్ చెప్పు!

దిగ్గున లేచాను. అటు నాలుగు జతల మోకాళ్ళు, ఇటు నాలుగు జతల మోకాళ్ళు, దూరడానికి దారి లేదు. నేను లేవగానే అందరూ చెవులు రిక్కించారు. ఆ పద్ధతి నాకూ తెలుసు కదా, లేచినవాళ్ళు మాట్లాడాలని.

"ఎవరో నా చెప్పులు తీసుకుపోతున్నారు" అన్నాను ఇంగ్లీషులో.

ఒక్కరూ కదలరు! జవాబు చెప్పకూడదు కదా! బయట వ్యాన్ తలుపు ధడాల్న పడింది. నేను నిలబడే ఉన్నాను. ఇంకేదో అంటే గానీ కూర్చోలేననిపించింది. "నేను ఒక్కదాన్నే వచ్చాను. ఫ్రెండ్స్ రాలేదు. నలుగురికి వంట చేశాను. ఒక్కదాన్నే ఉండటం నాకు హాయని వాళ్ళకి చెప్పాను. అది అబద్ధం" అన్నాను. ఎందుకన్నానో అడక్కండి. కూర్చున్నాను. ఇరవైమంది సాక్షుల ముందు పందెం ఓడిపోయాను.

చివర్న అందరూ కరచాలనాలు చేసుకున్నారు. పక్కనున్న హెలెన్ అనే ముసలావిడ నా చెయ్యి వదల్లేదు. "జవాబు చెప్పం కానీ, అరగంట నుంచీ నీ చెప్పుల గురించి తప్ప దేవుడి గురించి ఆలోచిస్తే ఒట్టు!" అంది. బయటికెళ్ళి చూస్తే వ్యాన్ ఎప్పుడో వెళ్ళిపోయింది, బెంచీ కింద మాత్రం రెండో చెప్పు క్షేమంగా ఉంది. నా తెలివి దాన్ని కాపాడింది. కుక్క పోయినాయన తన ట్రక్కులోంచి తోట పని బూట్లు తెచ్చాడు. "తిరిగి ఇవ్వక్కర్లేదు" అని, అంతలోనే "లేదులే, ఇవ్వు. ఏ ఆదివారమైనా సరే" అన్నాడు.

నా దగ్గరున్నది పులిహోరే. మెట్ల మీద డబ్బా తెరిచాను. మీకోసం పెట్టిన స్పూన్లతో తిన్నారు. కారానికి హెలెన్‌కి కళ్ళలో నీళ్ళు, అయినా డబ్బా వదల్లేదు. కుక్కాయన అడుగున మిగిలిన మెతుకులు కూడా గీకాడు.

ఆ బూట్లతో బ్రేకు తొక్కలేక వట్టి కాళ్ళతోనే డ్రైవ్ చేశాను. బూట్లు పక్క సీట్లో పెట్టాను. తేలిగ్గా ఉన్నాయి, బీప్ రాలేదు. అయినా బెల్ట్ పెట్టాను. దారంతా ఒకటే ఆలోచన. ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళని మాట్లాడనివ్వండి, నోరు మూసుకుని వినండి అని పత్రికలో కాలమ్‌ల మీద కాలమ్‌లు రాస్తున్నాను. మొట్టమొదటిసారి ఇరవైమంది అడ్డు రాకుండా, సలహా ఇవ్వకుండా నేను చెప్పేది విన్నారు. ఆడవాళ్ళు మూడొందల ఏళ్ళుగా మాట్లాడుతున్న గదిలో నేను లేచి చెప్పిందేమిటి? చెప్పులు, పులిహోర!

వసంతక్కకి వ్యాసం ఇంకా పంపలేదు. మిగిలిన ఆ ఒక్క చెప్పుని మాత్రం గుమ్మం బయటే వదిలేశాను. జత లేనిదాన్ని ఎవరూ ఎత్తుకుపోరు, ఆ విషయం నాకు నాలుగేళ్ళుగా తెలుసు.