గంటకు పాతిక డిగ్రీల మనిషి

నిదానం బాబాయ్ దేన్నీ గంటకు పాతిక డిగ్రీలకు మించి వేడెక్కనివ్వడు. కొలిమి లోపల కొత్తగా పేర్చిన ఇటుకల్ని తడి ఆరేదాకా మెల్లగా కాచడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగం ఒంటికి పట్టేసింది.

టీ గ్లాసుని ముందు రెండు అరచేతుల మధ్య పావుగంట ఉంచుకుంటాడు. కోపం వస్తే పొద్దున కనుబొమలు లేస్తాయి, మధ్యాహ్నం ముక్కు ఎర్రబడుతుంది, తిట్టు మర్నాటి షిఫ్టులో వస్తుంది. ఒకాయన తిట్టు అందుకోకుండానే రిటైరైపోయాడు.

"పెళ్ళిచూపుల్లో అమ్మాయి నచ్చిందా అని అడిగితే, 'నచ్చడం మొదలైంది' అన్నాడమ్మా ఈ మహానుభావుడు!" అంటుంది ఆయన భార్య.

క్రేన్ నడిపే అమ్మాయి ఈ మాటకి ఎప్పుడూ పడీపడీ నవ్వేది. ఈమధ్య నవ్వడం మానేసింది. కొలిమిలోకి కరెంటు తీసుకెళ్ళే ఎలక్ట్రోడ్, మనిషెత్తు నల్లటి స్తంభం, ఆమె క్రేన్ కొక్కెం నుంచి జారి ముక్కలైంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఆమె ధైర్యానికి తప్ప. ఇప్పుడు క్రేన్ క్యాబిన్‌కెక్కే నిచ్చెన మూడో మెట్టు మీదే ఆగిపోతోంది.

"కొలిమి తడి ఆరేలోగా పైకెక్కు. లేకపోతే క్రేన్ ఇంకొకరికిస్తా," అన్నాడు మేనేజరు.

నిచ్చెనకు ముప్ఫై మెట్లు. రోజూ కింద నిలబడి బాబాయ్ అడిగేవాడు.

"ఇవాళ ఎన్ని?"

"ఎనిమిది, బాబాయ్."

"చాల్లే, దిగు. రేపు తొమ్మిదో మెట్టు నుంచి ఎక్కుదువుగాని."

"రేపైనా కింద నుంచే కదా ఎక్కాలి!"

"అవును కదూ," అని ఆలోచనలో పడేవాడు.

గడువు రోజుకి ఆమె ఇరవై ఆరో మెట్టు మీద కమ్మీని కావలించుకుని ఉంది. కింద నుంచి మేనేజరు గొంతు ఖంగుమంది.

"ఇంకా ఆరలేదేంటయ్యా?"

బాబాయ్ కొలిమి గోడకున్న ఆవిరి రంధ్రం ముందు చిన్న అద్దం పట్టుకుని ఉన్నాడు. తడి ఉంటే అద్దం మసకబారుతుంది. మేనేజరు వాచీ చూసుకునే క్షణంలో ఆయన అద్దాన్ని నోటి దగ్గర పెట్టుకుని "హా..." అని ఊదడం ఆమెకి పైనుంచి స్పష్టంగా కనిపించింది.

"చూడండి సార్, ఎంత తడో!"

ఆమెకి నవ్వొచ్చింది. నీళ్ళలో రాయి వేస్తే అలలు లేచినట్టు, నవ్వు మీద నవ్వు. అది ఆగేసరికి చేతికి క్యాబిన్ తలుపు తగిలింది. లోపల కూర్చుని హారన్ గట్టిగా నొక్కింది.

బాబాయ్ తలెత్తి చూశాడు. అద్దాన్ని చొక్కాకి తుడిచి మళ్ళీ రంధ్రం ముందు పెట్టాడు.

"ఆరిపోయింది సార్."

"ఇప్పుడేగా తడన్నావ్!"

"ఇప్పుడే ఆరింది సార్. మీరు కాస్త పక్కకి జరగండి, మా అమ్మాయి ఎలక్ట్రోడ్ దింపుతుంది."