కాలవ దారి పదిహేడు చెట్లు

మా మరదలికి మొదటి బహుమతి నలభై ఎనిమిదో ఏట వచ్చింది. పట్టణ గ్రంథాలయం ఏటా పెట్టే ఫొటోల పోటీలో, రెండు వందల పైచిలుకు ఫొటోల మధ్య, మొదటి స్థానం. ఫొటో పేరు ‘కాలవ దారి, జనవరి’. ఒక్క ఆకు లేని పదిహేడు చెట్లు, వాటి మోకాళ్ళ దాకా మంచు, వెనక తెల్లటి ఆకాశం. అంతే. ఆ ‘అంతే’ కోసం ఆమె ఏడు చలికాలాలు తిరిగింది. అంతకు ముందు ఆరు సార్లు పంపితే ఆరు సార్లూ వెనక్కి వచ్చాయి. ఒకసారి కవరు విప్పకుండానే తిప్పి పంపారు.

గ్రంథాలయం వాళ్ళు తమ పత్రిక ఏప్రిల్ సంచికకి ఆమె గురించి రాసిపెట్టమని నన్ను అడిగారు. ఇంట్లో పెద్దవాణ్ణి నేనే. మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివాను గానీ, చేతిరాతలో నన్ను మించినవాడు రోడ్ల శాఖలో లేడని ముగ్గురు ఇంజనీర్లు అన్నారు. కూలీగా చేరి మేస్త్రీగా దిగాను. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. నా చేతుల మీదుగా పదకొండు కల్వర్టులు లేచాయి, ఈ రోజుకీ ఒక్కటి కుంగలేదు. ఇలా చెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటు వల్ల మునిగిన కొంప మాత్రం నాది కాదు, ఆమెది. కాబట్టి ఆమె ఘనతా రాస్తాను, ఆమెకి నేను చేసిన అన్యాయమూ రాస్తాను. ఈ రెండోది ఆమెకి ఇంకా తెలియదు.

ఆమె మా ఆవిడకి చెల్లెలు, పన్నెండేళ్ళు చిన్నది. పెళ్ళి వద్దనుకుంది. ఎందుకని అడిగినవాళ్ళకి తీరిక లేదని చెప్పేది. ఇరవై రెండేళ్ళుగా మా మేడ మీద గదిలో ఉంటోంది. ఆ ఇరవై రెండేళ్ళూ బజారు మలుపులోని స్టూడియోలో పనిచేసింది. స్టూడియో యజమానిని ఊరంతా స్మైల్ గారంటారు. వచ్చినవాళ్ళందర్నీ నవ్వమంటాడు, తను నవ్వగా చూసినవాడు లేడు. మా మరదలు పాస్‌పోర్టు ఫొటోలకి గడ్డాలు సరిచేసేది, గ్రూపు ఫొటోల్లో కళ్ళు మూసినవాళ్ళకి కళ్ళు తెరిపించేది, కోటు లేనివాళ్ళకి కోటు తొడిగేది. పోయిన మనిషి ఫొటో మసకగా తెస్తే, నిన్ననే తీయించుకున్నంత స్పష్టంగా తీర్చేది. ఆ పనిలో ఆమెకి సాటి లేదు. ఇది స్మైల్ గారే నాతో అన్న మాట.

ఆదివారాలు మాత్రం ఆమెవి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, తెల్లారకముందే సైకిలు కడ్డీకి కెమెరా స్టాండు కట్టుకుని బయల్దేరేది. చెరకు కొట్టేసిన పొలాలు, ఎండిన గడ్డి, ఇటుక బట్టీ వెనక తుప్పలు, కాలవ గట్టు, ఇవే ఆమె సరుకు. కాలవ దారి మలుపులో ఒక ఇనుప మేకు దిగ్గొట్టింది. ఏటా స్టాండు కాలు అక్కడే ఆనాలి. చలికి వేళ్ళు కొంకర్లు పోతాయని నా పాత మేజోళ్ళు కత్తిరించి చేతులకి తొడుక్కునేది. ఇంటికొచ్చాక గంటసేపు కెమెరా సంచి విప్పేది కాదు. చల్లటి గాజుకి గది వేడి ఒక్కసారి తగిలితే చెమ్మ పడుతుందట. కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవని నేను ఎగతాళి చేసేవాణ్ణి. అల్లుడు పాడైతే బాగుచేసే షాపు లేదు, కెమెరాకైతే ఉంది కదా, మరి దీనికెందుకిన్ని మర్యాదలు అని మా ఆవిడ నన్ను మించి ఎగతాళి చేసేది.

ఆకులున్నప్పుడు తీస్తే కాస్త కళగా ఉంటుంది కదా అని ఒకసారి అడిగాను.

“ఆకులున్నప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి బావా. రాలాకే ఏది ఎటు ఒంగింది, ఏది దెబ్బ తిని లేచింది తెలుస్తుంది. మీరు టోపీ తీస్తే గానీ అసలు సంగతి తెలియదు చూడండి, అలాగే” అంది. నా తల మీద ముప్ఫై ఏళ్ళుగా ఒక్క వెంట్రుక లేదు. మా ఆవిడ ఆ పూటంతా నవ్వింది.

ఆ పదిహేడు చెట్లూ నేను నాటినవే. ఇరవై మూడేళ్ళ వయసులో గ్యాంగు కూలీగా ఇరవై మొక్కలు పెట్టాను. రెండు వేసవులు కాలవలోంచి డబ్బాలతో నీళ్ళు మోశాను. పదిహేడు నిలిచాయి. వాటిని ఆమె ఫొటో తీస్తుంటే నాకు లోపల్లోపల గర్వంగానే ఉండేది. నేను నీళ్ళు పోస్తే ఆమె పేరు తెచ్చింది అనుకునేవాణ్ణి.

బహుమతి వచ్చిన ఫొటోని ఆమె గ్రంథాలయం నుంచి వెనక్కి తెచ్చుకుని, చట్రం కట్టించి మా ముందు గదిలో తగిలించింది. దగ్గరికెళ్ళి చూశాను. కొమ్మలు నల్లగా, బొగ్గు గీతల్లా ఉన్నాయి. చెట్లు కాలిపోయినట్టున్నాయేమిటని అడిగాను. మంచుకి సరిపడా వెలుతురు పెట్టుకుంటే కొమ్మలు నల్లబడతాయని, కొమ్మలకి సరిపెడితే మంచు మాయమవుతుందని చెప్పింది.

“ఏదో ఒకటి వదులుకోవాలి బావా. దగ్గరగా చూస్తే ప్రతి రెమ్మకీ మొగ్గలున్నాయి. నా ఫొటోలోనే లేవు.”

ఆ మాట నేను శుభ్రంగా విన్నాను. ఇది గుర్తుంచుకోండి. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

పోయిన ఏడాది జనవరిలో ఆమె స్టూడియోకి వెళ్ళాక ఆ ఫొటోని గోడ మీంచి తీసి, పాత దుప్పటిలో చుట్టి, ఊళ్ళోకి పట్టుకెళ్ళేవాణ్ణి. మంగలి షాపులో చూపించాను. బ్యాంకులో చూపించాను. మూడో రోజు మా రోడ్ల ఆఫీసుకి పట్టుకెళ్ళాను. కొత్తగా వచ్చిన ఇంజనీరు లేచి నాకు కుర్చీ వేశాడు. నా సర్వీసంతా ఆ ఆఫీసులో నిలబడే గడిపాను. ఆ కుర్చీలో కూర్చోగానే నాకు కల్వర్టులు గుర్తొచ్చాయి. పదకొండింటి గురించీ వరసగా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. టీ తెప్పించాడు. తర్వాత ఫొటో చూసి, చాలాసేపు చూసి, ఇవి మన కాలవ దారి చెట్లే కదా అన్నాడు.

దారి వెడల్పు చేయాలట. పచ్చటి చెట్లు కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి రావాలి, ఏడాది పడుతుంది. ఎండినవైతే ఒక కాగితం చాలు. ఫొటో ఉంటే మరీ మంచిది. దారి సంగతి తెలిసిన పెద్దమనిషి ఒకరు సంతకం చేస్తే ఇంకేమీ అక్కర్లేదు.

“ఈ దారి గురించి మీకంటే తెలిసినవాళ్ళెవరున్నారు మేస్త్రిగారూ” అన్నాడు.

కాగితం నా ముందు పెట్టాడు. చదవకుండా సంతకం చేశానని చెప్పుకోగలిగితే నా తప్పు సగం తగ్గేది. నేను ప్రతి అక్షరం చదివాను, పైకే చదివాను, చదవగలనని ఆ గదిలో అందరికీ తెలియాలని. ‘సదరు పదిహేడు చెట్లు కొన్నేళ్ళుగా ఎండిపోయి రాకపోకలకు ప్రమాదకరంగా ఉన్నవి’ అని ఉంది. ఇంకో రెండు నెలల్లో అవి చిగురుస్తాయని నాకు తెలుసు. నలభై ఏళ్ళుగా ఏటా చిగురించడం చూస్తున్నాను. కానీ ఇది అబద్ధం అంటే ఆ కుర్చీలోంచి లేవాలి. ఆ ఫొటోని పెద్దది చేయించి, మా మరదలి పేరుతో ఆఫీసు హాల్లో పెట్టిస్తానని కూడా ఆయన అన్నాడు. నా అందమైన చేతిరాతతో సంతకం పెట్టాను. వాళ్ళు ఫొటోకి నకలు తీసుకున్నారు. సాయంత్రం ఆమె వచ్చేలోపు చట్రం మళ్ళీ గోడ మీద ఉంది.

ఫిబ్రవరి రెండో ఆదివారం ఆమె ఎప్పటిలాగే వెళ్ళింది. గంటలోపే తిరిగొచ్చింది. స్టాండు కట్టిన తాడు కట్టినట్టే ఉంది. నేను వరండాలో ఉన్నాను. ఆమె నా పక్క నుంచి వెళ్ళి, చేతిలో ఉన్న రెమ్మని భోజనాల బల్ల మీద పెట్టింది. గోటితో బెరడు గీరింది. లోపల పచ్చగా ఉంది. మొగ్గలు ఉబ్బి, ఒకటి రెండు విచ్చుకోబోతున్నాయి.

“ఎండిపోయాయట అక్కా” అంది.

నరికిన చోట ఆఫీసు వాళ్ళు ఒక నోటీసు పెట్టారట. దాని మీద ఆమె ఫొటో అతికించి ఉందట. ఎండిన చెట్ల తొలగింపు అని రాసి ఉందట. పదిహేడు మొదళ్ళు ఆమె లెక్కపెట్టుకుని వచ్చింది. తర్వాత మెట్ల మీద కూర్చుని, తన ఫొటోయే వాటిని చంపిందని, ఇంకోలా చెప్పడానికి లేదని మా ఆవిడతో అంది. నేను విన్నాను. మంచినీళ్ళు కావాలా అని అడిగాను. 

మర్నాడు స్టూడియోకి వెళ్ళి స్మైల్ గారిని నిలదీసింది. గోడ మీది చట్రం కాకుండా ఆ ఫొటో ఉన్నది ఆ స్టూడియో కంప్యూటర్లోనే. చట్రం గోడ దిగలేదని ఆమె నమ్మకం. ఆయన ఇవ్వలేదన్నాడు. ఇంకెవరిచ్చారని అడిగింది. తెలియదన్నాడు. తెలియకుండా ఎలా పోతుందని నలుగురు గిరాకీల ముందు అడిగి, కత్తెర బల్ల మీద పెట్టి, ఇరవై రెండేళ్ళ ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం, ఆదివారం చెబుదామనుకున్నాను. ఒక అబద్ధాన్ని మోయడానికి ఏమీ చేయక్కర్లేదు, ఊరుకుంటే చాలు. నాకు అదే సులువైంది.

రెండు నెలల తర్వాత రోడ్ల ఆఫీసు నుంచి నా పేరున ఉత్తరం వచ్చింది. ఫొటో ఇచ్చి, సంతకం చేసి సహకరించినందుకు కృతజ్ఞతలట. మా ఆవిడ విప్పి చదివింది.  పడుకోబోయే ముందు ఉత్తరం నా దిండు మీద పెట్టింది.

“దాని ఉద్యోగం పోయింది. ఆ స్మైల్ గారికి మాట వచ్చింది. నేను మాత్రం చెప్పనండి. సంతకం పెట్టిన మీరే చెప్పాలి” అంది.

అప్పటికీ చెప్పలేదు. ఆ ఏడు ఆమె కెమెరా ముట్టలేదు. ఇంట్లోనే కూర్చుని, వాళ్ళూ వీళ్ళూ తెచ్చిన పాత ఫొటోలు బాగుచేసేది. చట్రాన్ని తనే దించి, మొహం గోడ వైపు తిప్పి మేడ మీద పెట్టింది.

అక్టోబరులో పేపర్లో ఒక ప్రకటన పడింది. కొండల్లో ఉన్న చెట్ల పరిశోధన కేంద్రానికి ఫొటోలు తీసే మనిషి కావాలి. నూరు చెట్లని, ఆకు రాలినప్పటి నుంచి చిగురు వేసేదాకా, వారం వారం ఒకే చోటి నుంచి తీయాలి. మా ఆవిడ బలవంతం మీద ఆమె దరఖాస్తు పెట్టింది. కవరు మీద చిరునామా నేనే రాశాను. నలభై మంది వచ్చారట. ఒకే చోట మేకు దిగ్గొట్టుకుని ఏడేళ్ళు తీసిన మనిషి ఈమె ఒక్కతే. పట్టం కట్టినట్టు ఈమెనే తీసుకున్నారు. ఇది ఆమె రెండో విజయం. మొదటిదానికంటే పెద్దదని నేనంటాను.

బస్సెక్కించడానికి నేనే వెళ్ళాను. దారంతా మాట కూడబలుక్కున్నాను. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గర నిలబడి, “చెల్లీ, ఒక మాట” అన్నాను. నేనామెని ఎప్పుడూ చెల్లీ అనలేదు. ఆమె వింతగా చూసి, ఏమిటి బావా అంది.

“స్వెట్టరు పెట్టుకున్నావా” అన్నాను.

అక్కడి నుంచి పదిహేను రోజులకోసారి ఫొటోలు పంపుతోంది. ఆకాశం తీయడం మానేసింది. అన్నీ దగ్గరగా తీసినవే. రెమ్మ, దాని మీద మొగ్గ, పక్కన కొలబద్ద. అడుగున తేదీ, చెట్టు నంబరు, ‘బతికే ఉంది’ అన్న మాట. కేంద్రం వాళ్ళు ఆ మాట రాయమనలేదట. తనే రాస్తోందని మా ఆవిడతో ఫోన్లో చెప్పింది.

పోయిన వారం రెండు పనులు చేశాను. ఆ కాగితంలో రాసింది అబద్ధమని, తెలిసే సంతకం చేశానని రోడ్ల ఆఫీసుకి రాసిచ్చాను. ముద్ర వేసి తీసుకున్నారు, ఈసారి కుర్చీ వేయలేదు. అక్కడి నుంచి స్టూడియోకి వెళ్ళాను. స్మైల్ గారు పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. ఆయన కత్తిరించడం ఆపలేదు. ఎనిమిది ఫొటోలూ అయ్యాక తలెత్తాడు.

“ఏడాదిగా బజారంతా నన్ను దొంగలా చూస్తోంది. అది పోనివ్వండి. ఆవిడ నా మాట నమ్మలేదు, అదండీ. ఆవిడకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

నేనే చెబుతానన్నాను. ఫోన్లో చెప్పనని, ఎదురుగా కూర్చుని చెబుతానని అన్నాను. ఇది అచ్చులో చదివి తెలుసుకునే గతి ఆమెకి పట్టకూడదు. అందుకే సంచిక రాకముందే చెప్పాలి. ఆమె నాతో మాట్లాడకపోవచ్చు. మేడ దిగి వెళ్ళిపోనూవచ్చు. మా ఆవిడ ఆ రెంటికీ సిద్ధపడే ఉంది. నేనింకా పడలేదు.

ఎప్పుడు చెబుతారని స్మైల్ గారు అడిగాడు. తను ఇంటికొచ్చే బస్సు టిక్కెట్టు నకలు ఆమె ఫోన్లో పంపింది, బస్సు దిగే వేళ అందులో చూసి చెప్పాను. మార్చి ఎనిమిది, ఆదివారం, పగలు పదకొండున్నర.