కారు బేటరీని పితికిన వైనం

మొన్న సోమవారం పొద్దున్న మా కారుని ఎడ్లు లాగుతుంటే చూశామని మీలో ఇద్దరు ముగ్గురు నవ్వుకుంటున్నారట. చూస్తే చూశారు! అసలు కథ నా నోటితోనే వినండి. టీ చల్లారేలోగా చెప్పేస్తాను.

మా ఊళ్లో కారున్నది నా ఒక్కడికే. గొప్పకి చెప్పడం లేదు... సరే, గొప్పకే చెబుతున్నాను. విజయనగరంలో ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్ హేండులో కొన్నాను. నల్లటి కారు, తుడిస్తే మొహం చూసుకోవచ్చు. కానీ దాంట్లో ఎక్కడికి వెళ్తాం చెప్పండి? పొలం ఇంటి వెనకే. కొన్నాక అరసవిల్లి ఒకసారి వెళ్లాం, పాలకొండలో పెళ్లికి ఒకసారి వెళ్లాం. మిగతా రోజులన్నీ అది బళ్ల సాలలో దుప్పటి కప్పుకుని పడుకునేది.

అలా పడుకుని పడుకుని ఒకసారి బేటరీ చచ్చింది. నాటుబండి మీద నరసన్నపేట పట్టుకెళ్తే, ఛార్జింగు షాపు మేస్త్రీ రెండు రోజులు ఉంచుకుని తిరిగిచ్చాడు.

"బండిని ఊరికే ఉంచేస్తే బేటరీ పాడైపోతాదండి. వారానికోసారైనా వాడతా ఉండండి" అన్నాడు.

వాడమన్నాడు కదా! నాకు రెండు పాడిగేదెలున్నాయి. నాలుగు రోజులు పితక్కుండా వదిలేస్తే గేదె ఒట్టిపోతుంది. బేటరీ కూడా అంతేనని నాకు ఇట్టే అర్థమైపోయింది. ఇంకేముంది, ప్రతి శుక్రవారం పితకడం మొదలెట్టాను!

ఎలాగంటే, మా ఊళ్లో కరెంటు స్తంభాలు పాతారు గానీ తీగలింకా రాలేదు. శుక్రవారం సాయంత్రం మా అరుగు మీద భజన ఉంటుంది. కారు కడిగి, బొట్టు పెట్టి, నిమ్మకాయ తిప్పి, వీధిలోకి తెచ్చి అరుగు మీదికి హెడ్ లైట్లు వేసేవాణ్ని. అబ్బ, ఆ వెలుతురు! పక్క ఊరి నుంచి కూడా భజనకి జనం వచ్చేవారు. భజనకి వచ్చారో, కారు చూడ్డానికి వచ్చారో నేను అడగలేదు. రెండోదే అని నా నమ్మకం.

మొదటివారమే భజన నడిపే సింహాచలం తాత విసుక్కున్నాడు. "ఒరే అప్పలనాయుడూ, నీ బండి రొద ఆపరా. తాళాలు ఇనబడ్డం నేదు."

పెద్దాయన మాట తీసెయ్యలేక ఇంజిను ఆపేశాను. లైట్లు మాత్రం భజన అయ్యేదాకా వెలుగుతూనే ఉన్నాయి. తరవాత వారాల్లో అసలు ఇంజినే ముట్టుకోలేదు. నలుగురం కారుని వీధిలోకి తోసుకొచ్చి లైట్లు వేసేవాళ్లం. పెట్రోలు కూడా కలిసొచ్చిందని మురిసిపోయాను.

నాలుగో శుక్రవారం మా ఆవిడ అంది కదా, "ఏటండి, లైట్లు ముందట్లా తెల్లగా నేవు, పసుపెక్కిపోయేయి."

"పసుపు శుభమేనే, ఎర్రిదానా!" అన్నాను.

ఇదిలా ఉండగా మా అక్క కూతురు సరోజినికి ఉత్తరం వచ్చింది. నర్సు ట్రైనింగుకి విశాఖపట్నంలో ఇంటర్వ్యూ, సోమవారం మధ్యాహ్నం. మా ఇళ్లల్లో ఎస్సెల్సీ గట్టెక్కిన మొదటి ఆడపిల్ల తనే. ఆ ఒక్క రోజు తప్పిపోతే సీటు పోయినట్టే. ఆమదాలవలసలో పొద్దున్న రైలు అందుకోవాలి. మా బావ తెల్లారే బస్సుకి వెళ్లిపోదామన్నాడు. నేను ఊరుకుంటానా?

"మేనమావ కారుండగా పిల్ల బస్సులో నలగడమేటి బావా? నా పరువేటవ్వాలి? గంటలో దింపేస్తాను."

బస్సు వెళ్లిపోయింది. పిల్ల తలదువ్వుకుని, తెల్ల చీర కట్టుకుని, సర్టిఫికెట్ల సంచీ గుండెకి హత్తుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. పక్కన బావ. చుట్టూ సగం ఊరు. నేను కండువా సర్దుకుని తాళం తిప్పాను.

టక్.

మళ్లీ తిప్పాను. టక్! హారన్ నొక్కితే ముసలాయన గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడొచ్చింది.

"హేండిలేసి తిప్పు బావా" అన్నాడు మా బావ.

ఉంటే తిప్పనా? సెల్ఫు ఉన్న బండికి లారీలా హేండిలేమిటి, నామోషీ అని, కారు కొన్న వారంలోనే దాన్ని కమ్మరికిచ్చి సాగగొట్టించాను. ఇప్పుడది మా నూతి గిలకకి ఇరుసు. ఆ మాట నోట్లోంచి రాక నూతి వైపు చూశాను. మా ఆవిడ కూడా అటే చూసింది. బావకి అర్థమైపోయింది.

పదిమంది తోశారు. వీధంతా ఇసక, చక్రాలు కూరుకుపోతున్నాయి తప్ప కదలడం లేదు. సింహాచలం తాత కర్ర ఊపుతూ అన్నాడు, "ఎడ్లు కట్టండ్రా! కాలవ గట్టెక్కించేస్తే అవతల పల్లంలో అదే పోతాది."

"ఎడ్లా? నా కారుకా?" అన్నాను.

వెనక సీట్లోంచి సరోజిని వంగి నా భుజం మీద చెయ్యేసింది. "మావా, నీ పరువు సాయంత్రం సూసుకుందాం. ముందు నా రైలు సూడు."

సరేనని తలూపాను. ముందు బంపరుకి మోకు కట్టారు, ఎడ్లు కదిలాయి. స్టీరింగు పట్టాలి కదా, నేను లోపల కూర్చోక తప్పలేదు. అద్దంలోంచి రెండు తోకలు తప్ప ఇంకేం కనబడదు. మలుపు దగ్గర అలవాటు కొద్దీ చెయ్యి బయటపెట్టి సిగ్నలు కూడా ఇచ్చాను! ఎదురొచ్చిన గడ్డిబండివాడు పక్కకి తప్పుకుని, "నాయుడోరూ, పెట్రోలు మానిపించి గడ్డి మీద పెట్టేరేటి?" అన్నాడు. నేను వినబడనట్టు హారన్ నొక్కాను. అదీ మోగలేదు.

గట్టెక్కాక మోకు విప్పేశారు. అందరూ కలిసి పల్లంలోకి ఒక్క తోపు తోశారు. కారు జోరందుకోగానే సెకండు గేరులో క్లచ్చి వదిలాను. రెండు కుదుపులు కుదిపి, బుర్రుమంది! వెనకాల ఊరంతా ఈలలు. ఎప్పుడూ నోరెత్తని మా సరోజిని కూడా ఈల వేసింది.

ఇంక నా కాలు యాక్సిలరేటరు మీంచి తియ్యలేదు. రైలు గేటు పడి అన్ని బళ్లూ ఆగి ఇంజిన్లు ఆపుకుంటే, నేనొక్కణ్నే బుర్రుబుర్రుమనిపిస్తూ కూర్చున్నాను. అందరూ నన్నో పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు. స్టేషను ముందుకి వచ్చేసరికి రైలు ప్లాట్ ఫారం మీదుంది. బావా పిల్లా దిగి పరుగో పరుగు. నాకు దిగడానికి లేదు. కాలు తీస్తే బండి ఆగిపోతుంది. కూత వినబడింది. రైలు కదిలిన చప్పుడు వినబడింది. ఎక్కిందో లేదో తెలీదు. నా వల్ల పిల్ల బతుకు పాడైపోతే మా అక్కకి మొహం ఎలా చూపించను?

అప్పుడు మా బావ వచ్చాడు, ఒక్కడూ. "ఎక్కేసింది బావా! కిటికీ కాడ సీటు కూడా దొరికింది!"

ఆనందం పట్టలేక ఒక్క గెంతులో దిగి బావని కావలించుకున్నాను.

వెనకాల కారు ఠక్కున ఆగిపోయింది.

అక్కడున్న సాలూరు లారీ డ్రైవరు ఒకాయన బేటరీ మూతలు విప్పి చూసి తలపట్టుకున్నాడు. "ఏటి సేసేరండి దీన్ని?" అన్నాడు. నా గేదె సిద్ధాంతం అంతా చెప్పాను. ఆయన లారీకి చేరబడి నవ్వాడు. "బండి రోడ్డు మీద పరిగెడితేనే బేటరీకి మేతండి. లైట్లెయ్యడం పితకడం. మీరు మేతెయ్యకుండా నెలరోజులు పితికేసేరు. ఇంక ఇది లెగదు. కొత్తది ఎయ్యాల్సిందే."

కారు అక్కడే వదిలేసి బస్సెక్కాం. నిలబడ్డానికే చోటు దొరికింది. తెలిసిన కండక్టరు, "ఏటండి నాయుడుగారూ, కారేదండి?" అన్నాడు.

"మా మేనకోడలు నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూకి ఎల్లిందయ్యా!" అన్నాను, బస్సంతా వినబడేలా.

అతను అడిగిందేమిటి, నేను చెప్పిందేమిటి! ఆమదాలవలస నుంచి నరసన్నపేట దాకా ఎక్కిన ప్రతివాడికీ అదే చెప్పాను. సీటు దొరకలేదన్న బాధ ఒక్క క్షణం కూడా అనిపించలేదు. అయినా ఛాతీ అంత విరుచుకున్నవాడికి సీటెక్కడ సరిపోతుంది?