నాలుక కింద మాత్ర, మందకు కూత

దయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. జ్వరమొచ్చిన పిల్లలకు తాయెత్తు కట్టించేవాళ్లను మొహం మీదే తిట్టిన మనిషిని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు నన్నే నవ్వుతారు.

మాది రాచర్ల దగ్గర పల్లె, గొర్లు మేపే ఇల్లు. నాయన పోయి నాలుగేళ్లు. ఆ తర్వాతి ఏడాది నా తమ్ముడు కేశవులు బోరు బండి పనిలో కిందపడి నడుము విరగ్గొట్టుకున్నాడు. నొప్పికని మొదలుపెట్టిన మాత్రలు నొప్పి తగ్గినా వాణ్ని వదల్లేదు. ఒక పూట పడకపోతే ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్లు పీకడం, వాంతులు. నాయన మంద మొత్తం ఆ మాత్రలకే హారతి కర్పూరమైపోయింది.

చివరికి నేనే రెక్క పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోయాను. డాక్టరు ఆ మాత్రల మీద యావ చంపే ఇంకో మాత్ర ఇచ్చారు. రోజూ నాలుక కింద పెట్టుకోవాలి. పూర్తిగా కరిగేదాకా మాట్లాడకూడదు, మింగకూడదు.

"ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తా?" అన్నారు ఊళ్లో.

"షుగరోళ్లు రోజూ మింగడంల్యా? నోర్మూసుకోండి" అన్నాను.

వాడు తేరుకున్నాడు. తిండి తిన్నాడు, నిద్రపోయాడు. ఆ సంతోషంలో నేను గిద్దలూరు అవతల నుంచి కొత్త గొర్లు కొనిచ్చాను. అంతే, వారం తిరక్కుండానే మళ్లీ చెమటలు, వణుకు.

"ఇది కూడా పనిచెయ్యకుంటే నేను ఆ నొప్పి మాత్రలమ్మే పాత దుకాణానికే పోతా అక్కా. నన్ను ఆపొద్దు" అన్నాడు. మళ్లీ ఆస్పత్రికి లాక్కుపోయాను.

మాత్ర నోట్లో ఉండగా ఏం చేస్తున్నావని డాక్టరు అడిగారు.

"మంద తోల్తా సార్. కూతెయ్యకుంటే అవి కదలవు" అన్నాడు మావాడు అమాయకంగా. కూత వేసినప్పుడల్లా మాత్ర గొంతులోకి జారిపోతోంది. మింగితే అది సరిగా పనిచెయ్యదట. డాక్టరు తల పట్టుకున్నారు. ముందు మాత్ర, ఆ తర్వాతే గొర్లు అని ఒట్టు వేయించుకుని వచ్చాను.

కొన్నాళ్లకు ఒక ఉదయం. బాగా ఎండ వచ్చింది. డబ్బాలో ఒక్క మాత్రే మిగిలింది, మర్నాడు ఆస్పత్రికి పోయి తెచ్చుకోవాలి. వాడు దాన్ని నాలుక కింద పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడే దొడ్డి తడిక పడిపోయి గొర్లన్నీ తారురోడ్డు మీదికి పోయాయి. అవతల నుంచి లారీ వస్తోంది.

నేను పరిగెత్తాను, అరిచాను, చెప్పు విసిరాను. నా గొంతును అవి లెక్కచేస్తేగా! వెనక్కి చూస్తే వాడు లేచి నిలబడ్డాడు, కూత వెయ్యబోతున్నాడు.

"రేయ్, నోరు తెరిచినావంటే సంపుతా! పోతే పోనీ గొర్లు!" అన్నాను. నా కళ్లలో నీళ్లు.

అప్పుడు దొడ్డి వెనక నుంచి కూత వినిపించింది. పొడుగ్గా సాగి, చివర చిన్న దగ్గుతో ఆగే కూత. అది మా నాయనది. పుట్టినప్పటి నుంచీ విన్న గొంతు, నేను పొరబడను. గొర్లన్నీ ఒక్కసారిగా ఆగి, వెనక్కి తిరిగి దొడ్లోకి వచ్చేశాయి. లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

దొడ్డి చుట్టూ తిరిగి చూశాను. ఎవరూ లేరు. రోడ్డు అవతల కసువూడ్చే పెద్దమ్మను అడిగాను.

"నాకేం వినపడల్యా పాపా. గొర్లు మాత్రం ఎవురో పిలిచినట్ల తిరిగినాయి" అంది.

నాయన గొంతును నేను తలుచుకున్నానేమో అనుకుందామన్నా, ఆ గొర్లు తలుచుకోలేవు. అవి నాయన గొంతు ఎన్నడూ వినలేదు.

అరుగు దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు కూర్చుని ఉన్నాడు. నోరు గట్టిగా మూసుకుని బొటబొటా కన్నీళ్లు కారుస్తున్నాడు. మాత్ర కరిగేదాకా ఆగి, "నాయన గొర్లను పిలిచినాడు, విన్నావా?" అని అడిగాను.

"గొర్లను కాదక్కా. నాకు చెప్పినాడు. 'కూసో నాయనా, నేను తోలుకొస్తా' అన్నాడు" అన్నాడు.

ఆ మాట నాకు వినపడలేదు. నాకు వినపడిన కూత వాడికి వినపడలేదు. ఒక్క గొంతు ఇద్దరికి రెండు రకాలుగా ఎట్లా వినిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి మాత్ర నోట్లో ఉన్నంతసేపూ వాడు అరుగు దిగలేదు, పాత దుకాణం మాట ఎత్తలేదు. నేను హాయిగా నిద్రపోతున్నాను.