గుమ్మానికెదురుగా ఎర్రపిల్లి

మా ఇంట్లో పదకొండు జపాను పిల్లులున్నాయి, అన్నీ బొమ్మలే. మొదటిది గుంటూరులో ఒక ఫ్యాన్సీ షాపులో సరదాకి కొన్నాను. తర్వాత అదే పిచ్చయింది. ఎడమ చెయ్యెత్తిన పిల్లి మనుషుల్ని పిలుస్తుందట, కుడి చెయ్యెత్తినది డబ్బుని. నల్లది చెడుని తరిమేస్తుంది, ఎర్రది జబ్బుల్ని రానివ్వదు. ఇవన్నీ ఫోన్లో చదివి, మా ఇంటికి మిరపకాయల తొడిమలు తీయడానికొచ్చే ఆడవాళ్లకు పాఠంలా చెప్పేదాన్ని. మా అత్తగారు వాళ్ల ముందే, "బతికున్న పిల్లికి పాలచుక్క పొయ్యదు గానీ, మట్టి పిల్లులకి రోజూ మొహాలు కడుగుద్ది" అని ఎగతాళి చేసేది. నాకు ఒళ్లు మండేది.

పోయిన మిరప కోతలప్పుడు ఒక పొద్దున ఆవిడ ఎడమ చెయ్యి మొద్దుబారిందంది. పొలంలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేస్తే, వెంటనే ఆటోలో గుంటూరు తీసుకెళ్లమన్నాడు. ఆవిడ క్షేమంగా తిరిగి రావాలని నేను ఎర్రపిల్లిని వసారాలో స్టూలు మీద, గుమ్మానికెదురుగా పెట్టాను. ఆటో వచ్చాక గడప దాటబోతూ ఆవిడ దాన్ని చూసి ఆగిపోయింది. వెనక్కొచ్చి మంచం మీద కూర్చుని మంచినీళ్లడిగింది. పిల్లి ఎదురైతే మావైపు అంతే, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి బయల్దేరతారు.

"బొమ్మకి కూడా శకునమేంటత్తయ్యా?" అన్నాను.

"బొమ్మయినా పిల్లి పిల్లేనమ్మాయ్. పది నిమిషాలాగి పోదాం."

ఆగుతానని ఆటో అతను కూడా అన్నాడు. కానీ ఆవిడ మంచి కోరి నేను పెట్టినదాన్నే అపశకునం అనేసరికి నాకు తిక్కరేగింది. ఆవిడది మూఢనమ్మకం, నాది మాత్రం నమ్మకం అనుకున్నాను. తొడిమలు తీసీ తీసీ నరం పట్టుంటుంది, రేపు పోవచ్చులే అని ఆటోని పంపేశాను. మా ఆయనకు ఫోన్ చేసి, మీ అమ్మ రానంటోందని చెప్పాను.

మధ్యాహ్నానికి ఆవిడ మూతి వంకరపోయింది. మా ఆయన పరుగున వచ్చి, కారు మాట్లాడి తీసుకెళ్లాడు. పక్షవాతమని, పొద్దున్నే తెచ్చుంటే చెయ్యి దక్కేదేమోనని డాక్టరు గారన్నారు.

పొద్దున ఎందుకు రానన్నావని మా ఆయన ఏడుస్తూ తల్లిమీద కేకలేశాడు. ఆవిడ నావైపు చూసింది. మాట మాట కూడదీసుకుని, "నాదేరా తప్పు, అమ్మాయినేం అనమాక" అంది.

ఆవిడ రానని ఒక్కసారి కూడా అనలేదు. ఆ సంగతి నేనింకా మా ఆయనకు చెప్పలేదు.