లిఫ్టుకి పట్టిన మురికి

ఆ నాయనమ్మకి మురికంటే పడదు. చుట్టాలొచ్చి కూర్చున్న కుర్చీని వాళ్ళు లేవగానే తుడిచేది. మరీ ఆలస్యం చేస్తే లేవకముందే తుడిచేది. కొరియర్ తెచ్చినవాడికి మంచినీళ్ళతో పాటు సబ్బు కూడా అందించేది. ఆ నాలుగంతస్తుల భవనంలో అందరూ ఆవిడని చాటుగా 'తుడుపుగుడ్డ మామ్మగారు' అనేవారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. బిరుదిచ్చారనుకునేది.

అలాంటి మనిషికి సొంత మనవడి మెడే ఎదురుతిరిగింది.

మనవడికి పదిహేనేళ్ళు. స్కూలు, తర్వాత ట్యూషను, తర్వాత సోఫా, చేతిలో ఫోను, పక్కన కూల్‌డ్రింకు సీసా. వాడి మెడ వెనక నల్లగా, మందంగా ఓ మచ్చ తేలింది. నాయనమ్మ కంట పడటమే ఆలస్యం, సబ్బూ పీచూ సిద్ధమయ్యాయి.

"మండుతోంది నాయనమ్మా!"

"మురికి కదరా, బతిమాలితే పోతుందా?"

రుద్దినా పోలేదు. సబ్బు మార్చింది, పీచు మార్చింది. మెడ మార్చడం కుదరదు కాబట్టి ఆగింది. స్కూల్లో అప్పటికే వాడికి 'స్నానం లేని సామి' అని పేరు పెట్టారు. వాడు కాలరు పైకి లేపుకుని తిరగడం మొదలెట్టాడు. చివరికి నాయనమ్మకి రోషం వచ్చింది. వాణ్ణి లాక్కెళ్ళి డాక్టరమ్మ ముందు నిలబెట్టింది.

"నా చేతికి లొంగని మురికి ఇంతవరకూ పుట్టలేదమ్మా. దీనికేదన్నా మందు రాసివ్వండి."

డాక్టరమ్మ మెడ చూసి, రక్తపరీక్ష చేయించి, రిపోర్టు చదివింది.

"ఇది మురికి కాదు మామ్మగారూ. రక్తంలో చక్కెర ఉండాల్సినదానికన్నా ఎక్కువుంది. షుగరు జబ్బింకా రాలేదు, దాని ముందు దశ ఇది. కొందరికిలా మెడ మీద తెలుస్తుంది, చాలామందికి పైకి ఏమీ తెలీదు. ఈ వయసు పిల్లల్లో ఇప్పుడిది బాగా కనిపిస్తోంది. వీడి క్లాసులోనే ఇంకొందరికి ఉండొచ్చు."

మనవడి మొహం పాలిపోయింది. "అంటే నేను పేషెంటునా?"

"అంత మాటెందుకు? తీపి డ్రింకులు మాని, రోజూ ఒళ్ళు కదిలిస్తే చాలామందిలో వెనక్కి తగ్గుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తేనే ముందుముందు నిజంగా షుగరు రావచ్చు."

"గుమ్మం దాకా వచ్చింది, లోపలికి రాలేదు. అంతేనా?" అంది నాయనమ్మ.

"అంతే."

"అయితే ఆ గుమ్మం సంగతి నాకొదిలెయ్యండి."

దారిలో వాడు బతిమాలాడు. "అమ్మానాన్నలకి తప్ప ఎవరికీ చెప్పకు నాయనమ్మా. పాపం, పాపం అంటూ నన్ను చూస్తారు."

"నాకు తుడుచుకోడానికే తీరదు, చాటింపులు కూడానా?" అంది ఆవిడ.

ఆ మర్నాటి నుంచి చాదస్తం ముదిరింది. ముందు లిఫ్టు మీద పడింది. "ఛీ, ఆ బటన్ మీద ఎన్ని వేళ్ళ మురికో! మా ఇంటి మనిషి అందులో కాలు పెట్టడానికి వీల్లేదు" అని మెట్ల దగ్గర నిలబడి భవనమంతా వినేలా ప్రకటించింది. కూల్‌డ్రింకు సీసాల మూతులు ఎవరెవరు ముట్టుకున్నారోనని వాటిని ఇంట్లోకి రానివ్వలేదు. సాయంత్రమయ్యేసరికి సోఫా కవర్లన్నీ బకెట్లో నానుతుండేవి. కూర్చునే చోటు లేక మనవడు ఆవిడతో వీధి చివరిదాకా నడిచొచ్చేవాడు. తిరిగొచ్చాక ఇద్దరూ మెట్లెక్కేవారు. అంతస్తుకోసారి ఆవిడ ఆగి, కటకటాల మీద దుమ్ము చూసే వంకతో మోకాళ్ళు పట్టుకునేది.

"పాపం, మామ్మగారికి బాగా ముదిరింది" అని నవ్వేవారు ఇరుగూ పొరుగూ.

"నీ పిచ్చికి నేను బలి!" అని విసుక్కునేవాడు మనవడు.

మూడు నెలలు పోయాక మళ్ళీ పరీక్ష చేయించారు. ఆ రిపోర్టు పట్టుకుని వాడు ఒకరోజు అనుకున్నదానికన్నా ముందే ఇంటికొచ్చాడు. కింద లిఫ్టు దగ్గర నాయనమ్మ, చేతిలో కూరల సంచీ. అటూ ఇటూ చూసింది. వేలితో, తుడవనైనా తుడవకుండా, బటన్ నొక్కింది. లోపలికెళ్ళి గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని హాయిగా నిట్టూర్చింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా మనవడు.

"అబ్బే, మురికెంతుందో చూద్దామని ఎక్కాన్రా!"

వాడికి నవ్వొచ్చింది. అంతలోనే ఓ సంగతి తట్టింది. ఇన్నాళ్ళూ భవనమంతా ఆవిణ్ణి చూసి నవ్వుకుందే గానీ, వాడు మెట్లెందుకెక్కుతున్నాడని ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన అవసరమే రాకుండా చేసింది ఆవిడ.

"చక్కెర దిగింది నాయనమ్మా. ఇలాగే ఉంటే చాలంది డాక్టరమ్మ."

ఆవిడ సంచీ కింద పెట్టి వాడి మెడ నిమిరింది. మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు. రుద్దలేదు.

"రా, ఇవాళ్టికి లిఫ్టులో పోదాం" అంది.

వాడు లోపలికొచ్చి, జేబురుమాలు తీసి నాలుగో అంతస్తు బటన్ శుభ్రంగా తుడిచి, నొక్కాడు. సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చాడు.

"నువ్వు ఇందులో రా నాయనమ్మా. నాకు మురికంటే పడదు, నేను మెట్లెక్కి వస్తా."

లిఫ్టు తలుపులు పైన తెరుచుకునేసరికి వాడు రొప్పుతూ ఎదురుగా నిలబడి ఉన్నాడు. కాలరు కిందికే ఉంది. నాయనమ్మ బయటికొచ్చి వాణ్ణి ఓసారి, గోడకున్న బటన్‌ని ఓసారి చూసింది.

"మరి ఈ పై బటనెవరు తుడుస్తార్రా?"